కారు మైలేజీ ఉన్నట్టుండి ఎందుకు పడిపోయింది? తరచుగా అడిగే ప్రశ్నలు

చిన్న కారు కొనేదే మైలేజీ కోసం. అది లీటరుకు మూడు నాలుగు కిలోమీటర్లు తక్కువ ఇవ్వడం మొదలుపెడితే ఎవరికైనా కంగారుగానే ఉంటుంది. ఆ కంగారులో చాలామంది ముందు విడిభాగాలు మార్పిస్తారు, కారణం తర్వాత వెతుకుతారు. ఈ పేజీ రాసింది ఆ వరసను తిరగేయడానికే. ఇక్కడున్న పరీక్షల్లో చాలావాటికి ఒక పుస్తకం, పెన్ను, ఓపిక ఉంటే చాలు. ప్రధానంగా పెట్రోలు కార్ల గురించే రాశాను. డీజిల్ గురించి చివర్లో కొంచెం ఉంది.

మైలేజీ నిజంగానే తగ్గిందని ఎలా తేల్చుకోవాలి?

ఫుల్ ట్యాంకు నుంచి ఫుల్ ట్యాంకు దాకా లెక్క కట్టడం ఒక్కటే నమ్మదగిన పద్ధతి. ట్యాంకు నింపించండి. గన్ మొదటిసారి టక్కుమని ఆగినచోట ఆపేయమనండి, ఆ పైన ఇంకా కొట్టించవద్దు. ట్రిప్ మీటరు సున్నా చేయండి. ట్యాంకు సగానికి పైగా ఖాళీ అయ్యేదాకా మామూలుగా తిరగండి. తర్వాత అదే బంకులో, వీలైతే అదే పంపు దగ్గర, మళ్లీ మొదటి టక్కు దాకా నింపించండి. తిరిగిన కిలోమీటర్లను ఈసారి పట్టిన లీటర్లతో భాగిస్తే మీ మైలేజీ వస్తుంది.

ఒక్కసారి కట్టిన లెక్కతో ఏదీ తేలదు. కారు కాస్త వాలుగా నిలబడినా, గన్ కాస్త ముందుగా ఆగినా ఒకటి రెండు లీటర్ల తేడా వస్తుంది. పది లీటర్లు పోయించి లెక్క కడితే ఆ తేడాయే మైలేజీని తారుమారు చేస్తుంది. వరసగా మూడు ట్యాంకుల లెక్క రాసి, మొత్తం కిలోమీటర్లను మొత్తం లీటర్లతో భాగించండి.

తగ్గింది ఎంతో సరిగ్గా తెలియాలంటే 100 కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు తాగుతోందో చూడటం మంచిది. లీటరుకు 18 ఇచ్చే బండి 14 ఇస్తోందంటే నాలుగే కదా అనిపిస్తుంది. కానీ 100 కిలోమీటర్లకు 5.6 లీటర్లు తాగేది 7.1 లీటర్లు తాగుతోందన్నమాట. పావు వంతుకు పైగా ఎక్కువ. అంత తేడా డ్రైవింగ్ అలవాటు కొంచెం మారినంత మాత్రాన రాదు. ఎక్కడో గట్టి కారణమే ఉంటుంది.

డాష్‌బోర్డు చూపించే మైలేజీ అంకెను నమ్మవచ్చా?

పోల్చుకోవడానికి పనికొస్తుంది, లెక్కకు పనికిరాదు. ఇంజన్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు ఎంతసేపు తెరుచుకున్నాయో దాన్నిబట్టి కంప్యూటరు పెట్రోలును అంచనా వేస్తుంది. ఇంజెక్టరే కారుతుంటే ఆ కారిన పెట్రోలు దాని లెక్కలోకి రాదు. అందుకే ట్యాంకు లెక్క 14 అని, డాష్‌బోర్డు 17 అని చెబుతుంటే, ఆ రెంటి మధ్య తేడా మునుపటికంటే బాగా పెరిగి ఉంటే, అది కూడా ఒక ఆనవాలే. పెట్రోలు కంప్యూటరుకు తెలియకుండా ఎక్కడికో పోతోంది.

టైర్లు మార్చాక తగ్గింది. అవే కారణమా?

కావచ్చు. ఇందులో రెండు వేర్వేరు సంగతులున్నాయి.

ఒకటి, లెక్కలోనే తేడా. ఓడోమీటరు దూరాన్ని నేరుగా కొలవదు, చక్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెడుతుంది. అరిగిన టైరు మీద గాడి లోతు 2 మిల్లీమీటర్లుంటే కొత్తదానికి 8 దాకా ఉంటుంది. చిన్న కారు చక్రం వ్యాసార్ధంలో ఆ 6 మిల్లీమీటర్లు దాదాపు 2 శాతం. పెద్ద చక్రం అదే దూరానికి తక్కువసార్లు తిరుగుతుంది కాబట్టి ఓడోమీటరు తక్కువ కిలోమీటర్లు చూపిస్తుంది. ఇక సైజే పెంచి ఉంటే ఈ తేడా ఇంకా ఎక్కువ. ఇరవై ముప్పై కిలోమీటర్లు ఫోన్‌లోని జీపీఎస్‌తో పోల్చి చూస్తే తెలిసిపోతుంది.

రెండోది, నిజమైన తేడా. కొత్త టైరు మందపాటి రబ్బరు దొర్లేటప్పుడు ఎక్కువ నలుగుతుంది, ఆ నలుగుడుకు ఇంధనం ఖర్చవుతుంది. వెడల్పు టైర్లు వేయిస్తే మరీను. అరిగేకొద్దీ ఈ నష్టం తగ్గుతుంది.

బండిలో లోపమేమీ లేకుండా మైలేజీ తగ్గుతుందా?

తగ్గుతుంది, అదీ చాలా ఎక్కువగా. బానెట్ ఎత్తే ముందు గత రెండు నెలల్లో ఏం మారిందో నిజాయితీగా ఆలోచించండి.

అన్నిటికంటే పెద్ద కారణం చిన్న చిన్న ప్రయాణాలు. చల్లటి ఇంజన్‌లో పెట్రోలు సరిగా ఆవిరి కాదు. అందుకని వేడెక్కేదాకా కంప్యూటరు అవసరానికి మించి పోస్తుంది. రోజూ 25 కిలోమీటర్లు ఒకే ఊపున వెళ్లే మనిషి ఇప్పుడు మూడేసి కిలోమీటర్లు ఎనిమిది సార్లు వెళుతుంటే, దూరం దాదాపు అంతే ఉన్నా ఖర్చు చాలా పెరుగుతుంది.

తర్వాతది ఇంజన్ ఆపకుండా నిలబెట్టడం. చిన్న కారు ఇంజన్ కదలకుండా గంట నడిస్తే సుమారు అర లీటరు నుంచి లీటరు దాకా తాగుతుంది, ఏసీ ఉంటే పై అంచుకు చేరుతుంది. పిల్లల్ని తీసుకురావడానికి వెళ్లి రోజూ ఇరవై నిమిషాలు ఏసీ వేసుకుని కూర్చుంటే ఆ పెట్రోలు ఒక్క కిలోమీటరు కూడా నడిపించదు.

వేగం కూడా అంతే. గాలి అడ్డు వేగపు వర్గంతో పెరుగుతుంది. 80లో వెళ్లేవాళ్లు 100లో వెళితే గాలి నెట్టే బలం ఒకటిన్నర రెట్లకు పైగా అవుతుంది. పైన క్యారియర్ బిగించి ఉంటే, దాని మీద సామాను లేకపోయినా సరే, తీసేసి చూడండి. డిక్కీలో బరువు గురించి అందరూ చెబుతారు గానీ దాని ప్రభావం కొద్దిగానే, 50 కిలోలకు ఒక శాతం దరిదాపుల్లో ఉంటుంది.

పెట్రోలులో తేడా వల్ల కావచ్చా?

కొంతవరకు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో కంటే దాదాపు మూడో వంతు తక్కువ. అందువల్ల 10 శాతం ఇథనాల్ కలిస్తే సుమారు 3 శాతం, 20 శాతం కలిస్తే 6, 7 శాతం శక్తి తగ్గుతుంది. 18 ఇచ్చే బండి 17 దగ్గరికి రావడానికి ఇది కారణం కావచ్చు. 14కు పడిపోవడానికి కాదు. అంత పెద్ద తేడాను ఇథనాల్ మీదికి నెట్టేస్తే అసలు లోపం అలాగే ఉండిపోతుంది.

అయితే వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలి?

ఈ పేజీలో ఒక్క సంగతే గుర్తుపెట్టుకుంటానంటే ఇది పెట్టుకోండి. లోపాలు రెండు రకాలు. ఇంజన్ ఎక్కువ పెట్రోలు కాల్చడం ఒకటి. ఇంజన్ బాగానే ఉండి, బండి తేలిగ్గా దొర్లకపోవడం రెండోది. ఏ వైపో తేల్చకుండా ఒక్క భాగం కూడా మార్చవద్దు.

తేల్చడానికి సులువైన పరీక్ష ఉంది. వాహనాలు లేని, చదునైన, తిన్నని రోడ్డు చూసుకోండి. బండి బాగా వేడెక్కాక గంటకు 40 కిలోమీటర్ల వేగంలో ఒక గుర్తు దగ్గర న్యూట్రల్ చేసి, బ్రేకు తొక్కకుండా వదిలేయండి. ఎంత దూరం వెళ్లి ఆగుతుందో చూడండి. గాలి, వాలు లెక్క సరిపోవడానికి ఎదురు దిశలో కూడా చేయండి. ఇంజన్ మాత్రం ఆపవద్దు. ఆపితే బ్రేకు గట్టిపడుతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది. చివర్లో మెల్లగా, సాగుతూ సాగుతూ ఆగితే దొర్లడంలో ఇబ్బంది లేనట్టే. ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు చప్పున ఆగిపోతే టైర్లు, బ్రేకులు, బేరింగులు చూడాలి. అదే మోడలు కారు ఇంకొకటి దొరికితే రెంటినీ పోల్చండి, అనుమానమే ఉండదు.

టైర్లలో గాలి అంత తేడా తెస్తుందా?

ఒకటి రెండు పీఎస్‌ఐలకు (గాలి పీడనం కొలిచే లెక్క) పెద్ద తేడా ఉండదు. నాలుగు టైర్లలో ఒక్కో పీఎస్‌ఐ తగ్గితే నష్టం అర శాతం కూడా కాదు. కానీ నెలల తరబడి చూడకుండా వదిలేసిన బండిలో పది పీఎస్‌ఐలు తక్కువ ఉండటం నేను చాలాసార్లు చూశాను, అప్పుడు పెట్రోలుతో పాటు టైర్లూ పాడవుతాయి. చలి మొదలైతే గాలి దానంతట అదే తగ్గుతుంది. 10 డిగ్రీల చల్లదనానికి సుమారు ఒకటిన్నర పీఎస్‌ఐ. ఉదయం బండి కదపకముందు, డ్రైవరు తలుపు పక్కన అంటించిన కాగితంలో రాసిన కొలత ప్రకారం చూడండి. టైరు పక్కన అచ్చు వేసి ఉండేది గరిష్ఠ పరిమితి, మీరు పెట్టించాల్సిన అంకె అది కాదు.

బ్రేకు పట్టేస్తోందని ఎలా గుర్తుపట్టాలి?

దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నా సొంత బండి నాకు నేర్పిన పాఠం ఇదే. లీటరుకు 18 ఇచ్చే కారు రెండు నెలల్లో 14కు వచ్చింది. చూపించిన చోట ప్లగ్గులు మార్చారు, ఎయిర్ ఫిల్టర్ మార్చారు, థ్రాటిల్ బాడీ కడిగారు, తర్వాత పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసే ఆక్సిజన్ సెన్సార్ మార్చాలన్నారు. అంకె కదల్లేదు. ఒకరోజు అరగంట ప్రయాణం తర్వాత బండి ఆపి దిగి, వెనక ఎడమ చక్రం పక్కగా నడుస్తుంటే పిక్కకు వేడి తగిలింది. సీసాలో నీళ్లు వేలితో చిలకరించాను. కుడి చక్రం డ్రమ్ము మీద చుక్కలు జారిపోయాయి. ఎడమ దాని మీద చుయ్‌మని ఆవిరయ్యాయి. హ్యాండ్ బ్రేకు తీగ తొడుగు లోపల తుప్పు పట్టి, లివరు దించినా ఆ వైపు పూర్తిగా వెనక్కి రావడం లేదు. తీగ మార్చాక తర్వాతి మూడు ట్యాంకులు 17.8 ఇచ్చాయి.

మీరూ ఇలాగే చేయండి. బ్రేకు తక్కువగా వాడుతూ పదిహేను కిలోమీటర్లు వెళ్లి, మెల్లగా ఆపి, నాలుగు చక్రాల దగ్గరా అరచేయి చూపించండి. డిస్కును గానీ డ్రమ్మును గానీ తాకవద్దు, చర్మం ఊడివస్తుంది. ముందు చక్రాలు వెనక వాటికంటే వేడిగా ఉండటం మామూలే. అందుకే ముందుది ముందుదానితో, వెనకది వెనకదానితో పోల్చాలి. ఎడమా కుడీ మధ్య తేడా కొట్టొచ్చినట్టు ఉంటే దొరికినట్టే.

తర్వాత జాకీ మీద ఎత్తి చేత్తో తిప్పి చూడాలి. మిగతా చక్రాలకు అడ్డు పెట్టండి, బండి కింద స్టాండు ఉంచండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరవద్దు. డిస్కుకు ప్యాడు కొద్దిగా రాసుకుంటూ సన్నటి చప్పుడు రావడం సహజం. రెండు చేతులతో బలం పెడితే తప్ప తిరగకపోవడం సహజం కాదు.

బిగుసుకుపోయిన చక్రం దగ్గర మెకానిక్‌తో ఒక పని చేయించండి. బ్రేకు నిపుల్ కొంచెం వదులు చేసి ఫ్లూయిడ్ చుక్క బయటికి రానివ్వమనండి. వెంటనే చక్రం వదులైతే పీడనం లోపలే ఉండిపోతోందని అర్థం. ఒక్క చక్రమే అయితే రబ్బరు హోసు లోపల ఉబ్బి మూసుకుపోయి ఉంటుంది, ఒకటికి మించి పట్టేస్తుంటే మాస్టర్ సిలిండరు చూడాలి. నిపుల్ వదులు చేసినా చక్రం కదలకపోతే లోపం ఆ చక్రం దగ్గరే ఉంది. క్యాలిపర్ పిన్నులు ఎండిపోవడం, పిస్టన్ తుప్పు పట్టడం, హ్యాండ్ బ్రేకు తీగ, వీటిలో ఒకటి అవుతుంది.

వీల్ అలైన్‌మెంట్, బేరింగుల సంగతి?

టైరు లోపలి అంచో బయటి అంచో ఒక్కటే అరుగుతుంటే అలైన్‌మెంట్ తప్పింది. గాడుల మీద అరచేత్తో అటూ ఇటూ నిమిరితే ఒక దిశలో నున్నగా, మరో దిశలో రంపం పళ్లలా గరుకుగా తగులుతుంది. బేరింగు పోతే వేగంతో పాటు పెరిగే హోరు వినిపిస్తుంది. మైలేజీ మాట ఎలా ఉన్నా బేరింగును వాయిదా వేయకూడదు.

ఇంజన్ సరిగా వేడెక్కకపోతే పెట్రోలు ఎక్కువ తాగుతుందా?

చాలా ఎక్కువ తాగుతుంది. మెకానిక్‌లు తరచూ మరిచిపోయే కారణం ఇదే. ఇంజన్ వేడెక్కితే అందరూ భయపడతారు, చల్లగా ఉంటే మంచిదే కదా అనుకుంటారు. మంచిది కాదు. పెట్రోలు ఇంజన్ సుమారు 85 నుంచి 100 డిగ్రీల మధ్య నడిచేలా తయారైంది. కూలెంట్ రేడియేటరులోకి వెళ్లే దారిని తెరిచి మూసే థర్మోస్టాట్ తెరిచిన స్థితిలో ఇరుక్కుపోతే కూలెంట్ మొదటి నిమిషం నుంచే రేడియేటరులో తిరుగుతూ ఇంజన్‌ను 60, 70 దగ్గరే ఆపేస్తుంది. ఇంజన్ ఇంకా వేడెక్కలేదని కంప్యూటరు అదనపు పెట్రోలు పోస్తూనే ఉంటుంది. ఆయిలు చిక్కగా ఉండి రాపిడీ పెరుగుతుంది.

గుర్తుపట్టడం ఇలా: ట్రాఫిక్‌లో వేడి పెరిగి, ఖాళీ రోడ్డు మీద వేగంగా వెళితే పడిపోతుంటే అనుమానం దాదాపు ఖాయం. ఉదయం చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి, ఫ్యాను రెక్కలకు దూరంగా చేయి పెట్టి, రేడియేటరు పైహోసును అప్పుడప్పుడు పట్టుకుని చూడండి. మొదట కొన్ని నిమిషాలు చల్లగానే ఉండి, తర్వాత ఉన్నట్టుండి వేడెక్కాలి. మొదటి నుంచీ ఇంజన్‌తో పాటు గోరువెచ్చగా అవుతూ వస్తే థర్మోస్టాట్ మూసుకోవడం లేదు. దీనికి ఓబీడీ (కారు కంప్యూటరు తన లోపాలను తానే గుర్తించి చెప్పే ఏర్పాటు) కోడు పి0128, స్కానర్ పెడితే కనిపిస్తుంది. పాత బండి కొన్నవాళ్లు ఇంకొకటి కూడా చూసుకోవాలి. ఎప్పుడో ఇంజన్ వేడెక్కిందని ఎవరో థర్మోస్టాట్ తీసేసి, ఖాళీ గూడు బిగించేసి ఉండవచ్చు.

థర్మోస్టాట్ బాగుండి, ఉష్ణోగ్రత సెన్సారే అబద్ధం చెబుతుండవచ్చు కూడా. రాత్రంతా ఆగి ఉన్న బండికి ఉదయం స్కానర్ పెట్టి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పి చూడండి. కూలెంట్ ఉష్ణోగ్రత, లోపలికి వెళ్లే గాలి ఉష్ణోగ్రత దాదాపు సమానంగా, బయటి వాతావరణానికి దగ్గరగా ఉండాలి. ఒకటి 28, ఇంకొకటి 5 చూపిస్తుంటే 5 చూపించేదే దొంగ. మైనస్ 40 చూపిస్తే వైరు తెగింది, లేదా సాకెట్ ఊడింది.

చెక్ ఇంజన్ లైటు వెలగలేదు. అంటే సెన్సార్లన్నీ బాగున్నట్టేనా?

కాదు. రీడింగు ఉండాల్సిన హద్దులు దాటితేనే, లేదా లోపం కొన్నిసార్లు తిరిగి కనిపిస్తేనే ఆ లైటు వెలుగుతుంది. సెన్సార్ మందగించి, హద్దుల లోపలే తప్పు చెబుతుంటే లైటు నెలల తరబడి వెలగకపోవచ్చు. లైటు లేదన్న ధైర్యంతో స్కానర్ పెట్టడం మానవద్దు.

స్కానర్‌లో ఏం చూడాలి?

చవకగా దొరికే బ్లూటూత్ ఓబీడీ స్కానర్ చాలు. స్టీరింగు కింద ఉండే పదహారు పిన్నుల సాకెట్‌కు పెట్టి ఫోన్‌లో చూడవచ్చు. కోడులు చూసి వదిలేయకండి. ఫ్యూయల్ ట్రిమ్ అనే రెండు అంకెలు చూడండి. ఒకటి షార్ట్ టర్మ్, మరొకటి లాంగ్ టర్మ్. పెట్రోలు పూర్తిగా కాలడానికి దాని బరువుకు 14.7 రెట్లు గాలి కావాలి. ఆ పాళ్లు నిలబెట్టడానికి కంప్యూటరు తన అంచనా మీద ఎంత కలుపుతోందో, ఎంత తగ్గిస్తోందో ఆ అంకెలు చెబుతాయి. ఇంజన్ వేడెక్కాక రెండూ కలిపి సున్నాకు 5 శాతం అటూ ఇటూ ఉంటే శుభ్రంగా ఉన్నట్టు, 10 దాకా సర్దుకోవచ్చు.

మొత్తం మైనస్ 12, మైనస్ 18లోకి పోతే పెట్రోలు ఎక్కడి నుంచో అదనంగా వస్తోంది, కంప్యూటరు తగ్గించుకుంటూ పోతోంది. ఇంజెక్టరు కారడం, పెట్రోలు పీడనం పెరగడం, ట్యాంకు ఆవిర్లను తెచ్చే పర్జ్ వాల్వు మూసుకోకపోవడం దీనికి ముఖ్య కారణాలు. పర్జ్ వాల్వును తేల్చడం తేలిక. ఇంజన్ ఐడ్లింగ్‌లో ఉండగా ట్యాంకు వైపు నుంచి వచ్చే గొట్టం తీసి, వాల్వు మూతికి వేలు పెట్టండి. మూసి ఉండాల్సిన సమయంలో వేలిని లోపలికి పీలుస్తుంటే అది లీకవుతోంది.

ప్లస్ వైపు పోతే ఎప్పుడు పోతోందో చూడాలి. ఐడ్లింగ్‌లో ఎక్కువగా ఉండి, 2500 ఆర్‌పీఎం దగ్గర సర్దుకుంటే ఎక్కడో గాలి గొట్టం పగిలింది. రేస్ ఇచ్చేకొద్దీ పెరుగుతుంటే గాలి కొలిచే సెన్సార్ మురికి పట్టింది, లేదా పెట్రోలు పంపు, ఫిల్టర్ బలహీనపడ్డాయి.

ఇంకో సందర్భం ఉంది, దానికి చాలామంది మోసపోతారు. ట్రిమ్ ప్లస్‌లో ఉంది, కానీ సైలెన్సర్ మూతి నల్లగా మసి పట్టి ఉంది, పొగలో పచ్చి పెట్రోలు వాసన. ఈ రెండూ కలిసి ఉండకూడదు. ఉన్నాయంటే ఆక్సిజన్ సెన్సార్ తప్పుడు సమాచారం ఇస్తోంది. లేదా సెన్సార్‌కు ముందే ఎగ్జాస్ట్‌లో చిల్లు పడి బయటి గాలి లోపలికి వెళుతోంది. ఆ గాలిని చూసి కంప్యూటరు పెట్రోలు తక్కువైందనుకుని ఇంకా పోస్తుంది.

అన్నీ మామూలుగా ఉండి, ట్రిమ్ సున్నా దగ్గరే ఆడుతూ, ఉష్ణోగ్రత 90 దగ్గర నిలబడి, మైలేజీ మాత్రం తక్కువగా ఉంటే? బానెట్ మూసేసి చక్రాల దగ్గరికి వెళ్లండి.

ఆక్సిజన్ సెన్సార్ మార్చమంటున్నారు. మార్చాలా?

ముందు దాని రీడింగు చూపించమనండి. పాత పద్ధతి సెన్సార్ వేడెక్కాక 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య చకచకా ఊగుతూ ఉండాలి. ఊగకుండా ఒకచోట నిలిచిపోయినా, బద్ధకంగా కదిలినా పోయినట్టే. కొత్త కార్లలో గాలి ఇంధన నిష్పత్తిని నేరుగా కొలిచే రకం ఉంటుంది, అది ఇలా ఊగదు, దాన్ని ట్రిమ్‌ను బట్టి అంచనా వేయాలి. పొగను శుభ్రం చేసే క్యాటలిస్ట్ తర్వాత ఉండే రెండో సెన్సార్ పని ముఖ్యంగా క్యాటలిస్ట్ మీద నిఘా. దాన్ని మార్చినంత మాత్రాన మైలేజీ పెరుగుతుందని ఆశపడవద్దు.

ఎయిర్ ఫిల్టర్ మారిస్తే మైలేజీ వస్తుందా?

కార్బురేటర్ రోజుల్లో వచ్చేది. ఇప్పటి ఇంజెక్షన్ బండిలో ఫిల్టర్ మూసుకుపోతే లోపలికి వెళ్లే గాలిని కొలిచి కంప్యూటరు పెట్రోలు కూడా తగ్గిస్తుంది. 2009లో అమెరికాలోని ఓక్ రిడ్జ్ నేషనల్ లాబొరేటరీ పరీక్షించి, మూసుకుపోయిన ఫిల్టర్ వల్ల పికప్ తగ్గుతుంది గానీ ఇప్పటి పెట్రోలు కార్లలో మైలేజీ చెప్పుకోదగ్గంత తగ్గదని తేల్చింది. ఫిల్టర్ గడువుకు మార్చండి, ఇంజన్ ఆయుష్షు కోసం.

స్పార్క్ ప్లగ్గుల సంగతేంటి?

ఇవి నిజంగా చూడాల్సినవి. అరిగేకొద్దీ మొనల మధ్య సందు పెరిగి, అప్పుడప్పుడు నిప్పు రవ్వ పడదు. పడకపోతే ఆ విడత పెట్రోలు వృథా. అంతటితో ఆగదు. కాలని గాలి ఎగ్జాస్ట్‌లోకి పోయి ఆక్సిజన్ సెన్సార్‌ను తప్పుదారి పట్టిస్తుంది, కంప్యూటరు ఇంకాస్త పెట్రోలు పెంచుతుంది. తీసిన ప్లగ్గులను ఏ సిలిండరువి ఆ వరసలోనే పెట్టించండి. లేత గోధుమ రంగో బూడిద రంగో ఉంటే మంచిది. నాలుగూ నల్లగా మసిబారితే పెట్రోలు అంతటా ఎక్కువవుతోంది. ఒక్కటే నల్లగా ఉంటే ఆ సిలిండరు ఇంజెక్టరు, కాయిల్ చూడాలి. ఇంత చెబుతున్న ప్లగ్గులను చూడకుండానే పారేస్తుంటారు.

పెట్రోలు ఎక్కడైనా కారిపోతోందా?

వాసన వస్తుంటే ఈ పేజీ చదవడం ఆపి ముందు అది చూపించండి. మైలేజీ కంటే ముందు నిప్పు భయం ఉంది. కింద మరక పడకపోయినా కారవచ్చు, వేడికి వెంటనే ఆవిరైపోతుంది. ఇంజెక్టరు లోపలికే కారుతుంటే బయట ఏమీ కనిపించదు. వేడి ఇంజన్ ఆపి అరగంట తర్వాత స్టార్ట్ చేస్తే మొండికేయడం, ఆయిలు పుల్లకు పెట్రోలు వాసన రావడం, ఆయిలు మట్టం దానంతట అదే పెరగడం దాని లక్షణాలు. పెట్రోలు కలిసిన ఆయిలుతో బండి నడిపితే ఇంజన్ అరిగిపోతుంది.

క్లచ్ జారుతోందని ఎలా తెలుస్తుంది?

ఖాళీ రోడ్డు మీద టాప్ గేరులో 50 వేగంలో వెళుతూ యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కండి. ఇంజన్ చప్పుడు పెరిగి వేగం దానితో పాటు పెరగకపోతే జారుతోంది. ఆటోమేటిక్ బండిలో స్థిరమైన వేగంలో ఆర్‌పీఎం మునుపటికంటే కొన్ని వందలు ఎక్కువగా కనిపిస్తుంటే ఇంజన్‌నూ గేర్‌బాక్సునూ జారకుండా కలిపి పట్టే టార్క్ కన్వర్టర్ లాకప్ పట్టడం లేదేమో చూపించాలి.

ఏసీ వల్ల ఎంత తగ్గుతుంది?

చిన్న ఇంజన్‌కు ఏసీ భారమే. ఎండలో, నత్తనడక ట్రాఫిక్‌లో అయిదో వంతు దాకా లాగేస్తుంది. అది లోపం కాదు. మునుపటి వేసవితో పోలిస్తే ఎక్కువ లాగుతుంటే మాత్రం లోపం. గ్యాసు తగ్గి తగినంత చల్లదనం రాక కంప్రెసర్ ఆగకుండా తిరగడం, కండెన్సర్‌కు దుమ్ము పట్టడం చూసుకోండి. ఏసీ ఆపినా రేడియేటరు ఫ్యాను ఆగకుండా తిరుగుతుంటే ఉష్ణోగ్రత సెన్సార్ పోయి కంప్యూటరు జాగ్రత్త కోసం తిప్పుతుండవచ్చు.

సర్వీసింగ్ చేయించిన వెంటనే తగ్గింది. ఎందుకు?

ఈ ప్రశ్న అడిగేవాళ్లకు నేనిచ్చే మొదటి సలహా, బిల్లు తీసి చదవమని. ఆయిలు గ్రేడు చూడండి. పల్చటి 0డబ్ల్యూ-20 పోయాల్సిన బండికి చిక్కటి 20డబ్ల్యూ-50 పోస్తే రాపిడి పెరుగుతుంది. వెనక డ్రమ్ములు ఊడదీసి ఉంటే బ్రేకు మరీ బిగించి ఉండవచ్చు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూత సరిగా పడకపోవడం, సెన్సార్ సాకెట్ సగమే పెట్టడం కూడా జరుగుతుంటాయి. బ్యాటరీ తీసి ఉంటే మాత్రం ఒక ట్యాంకు ఆగండి, కంప్యూటరు నేర్చుకున్నవి చెరిగిపోయి మళ్లీ నేర్చుకుంటోంది.

డీజిల్ కారుకూ ఇవే వర్తిస్తాయా?

చక్రాలకు సంబంధించినవి, థర్మోస్టాట్ వర్తిస్తాయి. అదనంగా మూడు చూడాలి. టర్బో నుంచి ఇంజన్‌కు వెళ్లే గొట్టం పగిలిందా, ఇంజెక్టర్ల నుంచి వెనక్కి వచ్చే డీజిల్ ఒకదాన్లో మరీ ఎక్కువగా ఉందా, పొగలోని మసిని కాల్చే డీపీఎఫ్ రీజనరేషన్ పదే పదే జరుగుతోందా. ఊరికే దగ్గర దూరాలు తిరిగే డీజిల్ బండికి ఈ మూడోది తప్పనిసరిగా వచ్చే బాధ.

ట్యాంకులో పోసే మైలేజీ మందులు పనిచేస్తాయా?

ఇంజెక్టరు మూతికి మసి పట్టి ఉంటే మంచి డిటర్జెంట్ కొంత కడుగుతుంది. పట్టేసిన బ్రేకును, తెరుచుకుపోయిన థర్మోస్టాట్‌ను ఏ మందూ బాగుచేయదు. కారణం తెలియకముందు కొనవద్దు.

మెకానిక్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఏం చెప్పాలి?

"మైలేజీ రావడం లేదు" అని మాత్రం చెబితే ప్లగ్గులు, ఫిల్టర్లతోనే మొదలవుతుంది. మీ పుస్తకం తీసుకెళ్లండి. మూడు ట్యాంకుల లెక్క, ఎప్పటి నుంచి తగ్గింది, ఒక్కసారిగా పడిందా మెల్లగా జారిందా, న్యూట్రల్‌లో ఎంత దూరం దొర్లింది, ఏ చక్రం వేడిగా ఉంది, వేడెక్కాక కూలెంట్ ఎన్ని డిగ్రీలు, ట్రిమ్ ఎంత. ఒక్కసారిగా పడితే ఏదో విరిగింది, ఇరుక్కుంది, ఊడింది. మెల్లగా జారితే అరుగుదల, మురికి. ఇవన్నీ సరిగ్గా ఉండి కారణం దొరకకపోతే, కంప్రెషన్ పరీక్ష, టైమింగ్ ఒక పన్ను జారిందా అన్న పరీక్ష, క్యాటలిస్ట్ మూసుకుపోయిందా అన్న పరీక్ష చేయమని పేరు పెట్టి అడగండి. ఒక్కో మరమ్మతు తర్వాత ఇంకొకటి ముట్టుకోకుండా ఒక ట్యాంకు తిరిగి లెక్క రాయండి. తీసేసిన పాత భాగాలు మీకే ఇమ్మని ముందే చెప్పి పెట్టండి. మార్చినా అంకె కదలకపోతే పాతది మళ్లీ బిగించుకోవచ్చు.